నేను కోసేసిన ఎనిమిది పంక్తులు

పిల్లల పత్రికలో పనికి చేరబోయేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "కథ మంచిదో కాదో ఎట్లా తెలుస్తుంది సార్?" నా జవాబు వాళ్లకు నచ్చదు. కథలో ఆడపిల్ల ఉంటే ఆమె వయసు లెక్కపెట్టండి అంటాను.

సూర్యాపేటలో ఒక పిల్లల మాసపత్రికకు ఇరవై ఆరేళ్లు సంపాదకుడిగా పనిచేశాను. నా బల్ల మీదికి వచ్చిన మాయాజాల కథల్లో రాజకుమారుడు ఏడేళ్లకు గుర్రమెక్కుతాడు, తొమ్మిదేళ్లకు గురువు దగ్గరికి వెళ్తాడు, పన్నెండేళ్లకు పులిని చంపుతాడు, పద్నాలుగేళ్లకు గొంతు మారి తండ్రిని ఎదిరిస్తాడు. అతను పెరిగే ప్రతి ఏడాదికీ ఒక అధ్యాయం. ఆడపిల్ల మాత్రం పన్నెండేళ్ల దగ్గర తలుపు చాటుకు వెళ్లి, పదహారేళ్ల దగ్గర నగలు పెట్టుకుని బయటికి వస్తుంది. మధ్యలో నాలుగేళ్లు ఏమయ్యాయి? ఎగిరే గుర్రాన్నీ మాట్లాడే చేపనూ నమ్మించగల రచయితకు ఆ నాలుగేళ్లు రాయడానికి మాత్రం చేయి ఆడదు. కొండను మోసే రాక్షసుడు అచ్చుకు తగినవాడట, ఇంట్లో సగం మందికి నెలనెలా జరిగేది తగనిదట. దీన్ని సంప్రదాయం అంటారు. నేను పిరికితనం అంటాను.

యువకుడిగా ఉన్నప్పుడే హేతువాద సభల్లో మాట్లాడటం నేర్చుకున్నాను. ఎదుటివాడి మాట పూర్తిగా వినాలి, తర్వాత దాని కాళ్లు విరగ్గొట్టాలి. అదే మా బడి. మాయల కథలు వేసే పత్రికలో నీకేం పని అని మిత్రులు ఎగతాళి చేసేవారు. కథ కథేనని పిల్లలకు తెలుసు, తెలియనిది పెద్దవాళ్లకే అని వాళ్ల నోరు మూయించేవాణ్ని. ఈ మాట కూడా పూర్తిగా నిజం కాదని ఉద్యోగం చివరి ఏళ్లలో ఒక పిల్ల నాకు నేర్పింది. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఏడు తూములు

స్వరూప మిర్యాలగూడలో ఒక విత్తనాల దుకాణంలో పనిచేసేది. ఇరవై నాలుగేళ్లుంటాయి. ఊరు త్రిపురారం అవతల, కాలువ నీళ్లు ఆఖరున వచ్చే చోటు. ఒకరోజు బస్సు దిగి నేరుగా మా ఆఫీసుకు వచ్చి, విత్తన సంచుల మీద కట్టే పురికొసతో కుట్టిన నోటుబుక్కు నా ముందు పెట్టింది.

"సార్, ఇది చదివి బాగలేదని చెప్పినా మంచిదే. చదువకుండ మాత్రం పక్కకు పెట్టకుండ్రి."

ఆ రాత్రే చదివాను. ఒక కోటకు ఏడు తూములు. ఒక్కో తూము వెనక ఒక్కో మాయ కాపలా. ముత్యాలి అనే పదేళ్ల పిల్ల తూము తలుపు మీద అరచేయి పెడితే నీళ్లు ఆమె మాట వింటాయి. కోట నీళ్లు దాచుకుంటుంది, కింద ఊళ్లు ఎండుతాయి. ముత్యాలి ఒక్కో తూమూ తెరవాలి. ఒక్కో తూముకు ఆమెకు ఒక్కో ఏడు పెరుగుతుంది.

నన్ను పట్టుకున్నది మాయ కాదు. ముత్యాలి నిజంగా పెరుగుతుంది. రెండో తూము దగ్గర పాల పళ్లలో చివరిది ఊడుతుంది. మూడో తూము దగ్గర జాకెట్టు బిగుతవుతుంది, వంగి నడుస్తుంది, స్నేహితురాలి మీద ఊరికే కోపం తెచ్చుకుంటుంది. నాలుగో తూము దగ్గర పెద్దమనిషవుతుంది. కోటలోని ముసలమ్మ ఆమెను ఒక గదిలో కూర్చోబెట్టి, "ఇగ నీ చెయ్యి తాకితే నీళ్లు కదలవు బిడ్డా. ఆ శక్తి చిన్నపిల్లలదే. ఖతమైంది" అంటుంది. ముత్యాలి ఏడుస్తుంది. తర్వాత ఎనిమిది పంక్తులున్నాయి. గదిలో తాగడానికి పెట్టిన ముంతలో ఆమె వేలు ముంచుతుంది. నీళ్లు వేలును పట్టుకుని పైకి లేస్తాయి. ముసలమ్మ చెప్పింది అబద్ధమని ఆమెకు అర్థమవుతుంది.

ఇరవై ఏళ్లుగా ఎదురుచూసిన అధ్యాయం అది.

మిల్లులో గెలిచిన వాదం

మా పత్రిక యజమాని జగ్గయ్యగారు మిర్యాలగూడలో రైసు మిల్లు నడిపేవారు. మంచి మనిషి. పిల్లలకు పుస్తకం ఉండాలన్న ఒక్క పట్టుదలతో పత్రికను మోసేవారు. వివాదం అనుకున్నది ఏదైనా ముందు ఆయనకు చూపించడం మా ఒప్పందం. మిల్లు ఆఫీసులో తవుడు పట్టిన కళ్లద్దాలు పంచె అంచుతో తుడుచుకుంటూ ఆయన నాలుగో తూము చదివారు.

"ఏందయ్యా ఇది? పిల్లల పుస్తకంల గిది అచ్చేస్తమా?"

"పిల్లలకయ్యేదే గద సార్ రాసింది."

"అయితే అయింది. వచ్చే నెల ముత్యాలికి పదహారేండ్లు నిండినయ్ అని మొదలుపెట్టు. ఎవడడుగుతడు?"

"ఆడపిల్లలడుగుతరు."

"అడగరయ్యా. నా ఇంట్ల ముగ్గురున్నరు. ఒక్కతి నన్ను ఏమడగలే."

"మిమ్మల్ని ఎందుకడుగుతరు సార్? పుస్తకాన్ని అడుగుతరు."

ఆయన చాలాసేపు కిటికీలోంచి వడ్ల లారీ వైపు చూశారు. తర్వాత కాగితాలు నా వైపు తోశారు. "వెయ్యి. ఎవడన్న గేటు ముందటికొస్తే నిన్నే పంపుత."

తిరుగు బస్సులో నా గర్వం చెప్పతరం కాదు. మైల, ముట్టు అని ఆడవాళ్లను మూలకు నెట్టే మాటను పిల్లల పత్రికలోనే బద్దలు కొట్టబోతున్నాను అనుకున్నాను. మీకు ముందే చెబుతున్నాను, వాదంలో గెలిచి వచ్చిన రోజు ఏ పేజీ మీదా చేయి వేయకండి. ఆ రోజు కంటికి ఏదీ సరిగా కనిపించదు.

మేరీ అడిగింది

పత్రిక కోదాడలో అచ్చయ్యేది. అక్కడ పేజీలు కట్టే మేరీ పదిహేనేళ్లుగా నా రాతా తెలిసిన మనిషి, నా చాదస్తమూ తెలిసిన మనిషి. నాలుగో తూము పేజీలో చివరి ఎనిమిది పంక్తులు పట్టక మిగిలిపోయాయి. బొమ్మ చిన్నది చేస్తే పట్టేవి. కానీ నా వృత్తి బుద్ధి మేల్కొంది. ధారావాహికను ఎక్కడ ఆపాలో తెలిసినవాడే సంపాదకుడని మా పనిలో ఒక మాట ఉండేది. ముత్యాలి ఏడుస్తుంది, శక్తి పోయింది, కింద "ఇంకా ఉంది" అన్న మాట. పాఠకుడు నెలంతా నిద్రపోకూడదు. ఆ ఎనిమిది పంక్తులను తర్వాతి నెల మొదటికి తోసేశాను.

మేరీ తెర మీద నుంచి చూపు తిప్పకుండానే అడిగింది. "సార్, ఇవి తీసేస్తే ముసలమ్మ చెప్పిందే నిజమనుకుంటారు కదండీ?"

"అదే సస్పెన్స్ అమ్మా. ఒక్క నెలే గద."

"నెల తక్కువేం కాదండీ. ఆ వయసు పిల్లకి మరీను."

"నువ్వు పేజీ కట్టు తల్లీ, కథ నేను చూసుకుంట."

"సరేనండి. పేజీ నాది, పాపం మీది" అని నవ్వి, పంక్తులు తీసేసింది.

సంచిక వచ్చిన రోజు స్వరూప ఫోన్ చేసింది. "సార్, నా లైన్లు ఏవి?" వచ్చే నెల మొదట్లో వస్తాయన్నాను. "సరే సార్" అని పెట్టేసింది. ఇద్దరు ఆడవాళ్లు రెండుసార్లు చెప్పారు. మూఢనమ్మకాల మీద ముప్పై ఏళ్లు ఉపన్యాసాలిచ్చినవాడు వినలేదు.

చివ్వెంల ఉత్తరం

పది రోజులకు ఒక కవరు వచ్చింది. లోపల లెక్కల నోటుబుక్కులోంచి చింపిన కాగితం. చివ్వెంల పక్క ఊరి నుంచి రజిత, ఎనిమిదో తరగతి.

"సంపాదకులు గారికి నమస్కారం. నేను మీ పుస్తకం ప్రతి నెల చదువుతాను. నేను మా స్కూల్లో పరుగులో ఫస్టు. ఈ శనివారం పొద్దున ఎనిమిదింటికి సూర్యాపేటలో జిల్లా టీముకు సెలక్షను ఉంది. కానీ నేను పెద్దమనిషి అయ్యాను. మా నాయనమ్మ ఇక ఉరకవద్దు, బలం పోతది అన్నది. నేను నమ్మలేదు. మూల కూర్చున్నప్పుడు మీ పుస్తకం చదివాను. ముత్యాలికి కూడా పోయింది. అంత శక్తి ఉన్న ముత్యాలికే పోతే నాకెందుకు ఉంటుంది? అందుకని నేను పోవడం లేదు. నా దోస్తుతో ఈ లెటర్ పోస్టు చేయిస్తున్నాను. ముత్యాలి ఇప్పుడు ఏం చేస్తుంది సార్?"

"నేను నమ్మలేదు" అన్న ముక్క దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. నాయనమ్మ మాటను ఆ పిల్ల తన బుద్ధితో ఎదిరించి నిలబడింది. ఆమెను పడగొట్టింది నా పత్రిక. ఏ పల్లెలో ఏ పూజారీ చేయలేని పని ఒక హేతువాది సస్పెన్స్ కోసం చేశాడు.

ఆ రోజు గురువారం. తర్వాతి సంచికకు ఇంకా రెండు వారాలు పైనే ఉంది. ఉత్తరంలో ఫోన్ నంబరు లేదు. స్వరూపకు ఫోన్ చేసి ఉత్తరం చదివి వినిపించాను. తిడుతుందనుకున్నాను.

"రేపు పొద్దున సూర్యాపేట బస్టాండుల ఉంట సార్" అంది. అంతే.

రోకలి అవతల

శుక్రవారం పొద్దున ఇద్దరం ఆ ఊరు చేరాం. రెండు గదుల ఇల్లు. అమ్మానాన్నలు కూలికి పోయారు. వసారా చివర ఈత చాప మీద రజిత కూర్చుని ఉంది, ఆమెకూ ఇంటికీ మధ్య నేల మీద అడ్డంగా, దాటకూడని హద్దుగా రోకలి. ముందు నాయనమ్మ రాములమ్మ, చిన్న రోట్లో బండతో నువ్వులూ బెల్లమూ దంచుతూ.

ఎవరమో చెప్పాను. కూర్చోమని మంచం వాల్చింది. కూర్చున్నాక నేను చేసింది నా రెండో తప్పు. ఉపన్యాసం మొదలుపెట్టాను. శరీరం, గర్భసంచి, రక్తం, బలం, డాక్టర్లు ఏమంటారు, అన్నీ చెప్పాను. సభలో అయితే చప్పట్లు పడేవి. రాములమ్మ దంపుడు ఆపకుండా అంతా విన్నది.

"అయిపోయిందా సారూ?"

"అయింది."

"మరి నీ పుస్తకంల పోయిందని నువ్వే రాస్తివి గద. ఇప్పుడొచ్చి పోలేదంటున్నవ్. ఏది అబద్ధం?"

రోకలి అవతల నుంచి రజిత నన్నే చూస్తోంది.

స్వరూప లేచి వెళ్లి రోకలికి ఇవతల నేల మీద కూర్చుంది. "రజితా, ముత్యాలిని రాసింది నేనే. ఆ రోజు గదిల ఇంకొకటైంది. చెప్పాలా?" తల ఊపింది పిల్ల. ఎనిమిది పంక్తులూ స్వరూప చూడకుండా చెప్పింది. ముంత, వేలు, పైకి లేచిన నీళ్లు.

రజిత ముఖం వెలుగుతుందనుకున్నాను. ఎర్రబడింది.

"మరి గదెందుకు అచ్చెయ్యలే?"

స్వరూప నా వైపు చూడలేదు. జవాబు చెప్పాల్సింది నేను.

"నేనే కోసేసిన బిడ్డా. వచ్చే నెల కూడా పుస్తకం కొనాలని, అందరు ఆత్రంగ ఎదురుసూడాలని. నీలెక్క ఒక పిల్ల గీ మూలకు కూసోని సదువుతదని నాకు తట్టలే. తప్పు నాది. ముత్యాలి శక్తి ఒక్క రోజు కూడా పోలే."

"నెల రోజులు నన్ను గిట్లనే ఉండుమన్నరా?" అంది రజిత. ఎనిమిదో తరగతి పిల్ల. నా జీవితంలో నన్ను ఇంతకంటే గట్టిగా ఓడించిన ప్రతివాది లేడు.

"అవును. ఉండుమన్న" అన్నాను.

అప్పుడు రాములమ్మ దంపుడు ఆపింది. "ఆ కోట ముసలిది ఉంది సూడు, దాన్ని అందరు తిడుతరా ఇగ?"

స్వరూప తెల్లబోయింది. "తిట్టరా మరి, అబద్ధం చెప్పింది గద."

"దానికి ఎవరో సెప్పినోళ్లే గద బిడ్డా. కడుపులకెల్లి తెచ్చుకున్నదా?" ముసలామె చెంగుతో చేతులు తుడుచుకుంది. "నేను పెద్దమనిషైన నాడు కూసోబెట్టే దిక్కు లేకుండె. రెండో నాడే దొర పొలంల నాటుకు తోలిండ్రు. దినమంత మోకాళ్ల లోతు నీళ్లల్ల ఉన్న. నడుమిరిగింది గని నీళ్లు మైల పడలే, వరి ఎండలే, నాటు ఆగలే. మాకు మైల ఎవడు సూసిండు? కూలోళ్లకు గవన్ని ఉండవు. నా మనుమరాలికన్న గా మర్యాద సేద్దామనుకున్న. తొమ్మిది దినాలు ఏ పని చెయ్యకుండ కూసోవాలె, నువ్వులు తినాలె, నలుగురు వచ్చి సూడాలె. గదే నా ఆశ."

ముప్పై ఏళ్లుగా ఆ చాపను నేను జైలు అని రాశాను. అది జైలే. ఇప్పుడూ అదే అంటాను. కానీ ఆ జైలులో ఒక ముసలామె తనకు దక్కని విశ్రాంతిని దాచిపెట్టిందని ఏ కరపత్రంలోనూ రాయలేదు, ఎందుకంటే నాకు తెలియదు. మైల అబద్ధమని నేను పుస్తకాలు చదివి తెలుసుకున్నాను. రాములమ్మ మడిలో నిలబడి తెలుసుకుంది. మాలో ఎక్కువ తెలిసినవాళ్లెవరో మీరే చెప్పండి.

"నాయనమ్మా," అంది రజిత మెల్లగా, "నువ్వు గా దినమంత పని చేసినవా? కాళ్లు పని చేసినయా?"

"చెయ్యకుంటే దొర ఊకుంటడా?"

"మరి నాయెట్ల చెయ్యవ్?"

ముసలామె మనవరాలి వైపు చూసింది, రోకలి వైపు చూసింది. "మాటలు మస్తు నేర్చినవ్" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "బడిల ఆటలు నేర్పే పీఈటీ సారు రెండుసార్లు ఫోన్ చేసిండు. రేపు ఎన్ని గంటలకు సారూ?"

"ఎనిమిదింటికి."

"పోతది. నేను గూడ వస్త. అయితే ఫంక్షన్ మాత్రం ఆగదు, చెప్తున్న. మీరిద్దరు రావాలె. రానంటే గీ బెల్లం ముద్ద గూడ పెట్టను."

రజిత లేచి నిలబడింది. రోకలి దాటలేదు. వంగి, రెండు చేతులతో ఎత్తి, గోడకు ఆనించింది.

తర్వాత

మైదానానికి నేను వెళ్లలేదు. పత్రిక సంపాదకుడు గట్టున నిలబడితే ఆ పిల్ల పరుగు నా ప్రాయశ్చిత్తం అయిపోతుంది. అది ఆమె పరుగుగానే ఉండాలి.

తర్వాతి సంచికలో ఎనిమిది పంక్తులనూ పెద్ద అక్షరాల్లో వేసి, కింద "గత నెల వీటిని కోసేసింది రచయిత్రి కాదు, సంపాదకుడు. అది తప్పు" అని నా పేరుతో అచ్చు వేశాను. జగ్గయ్యగారు ఫోన్‌లో మండిపడ్డారు. "ఎడిటరే తప్పు ఒప్పుకుంటే పుస్తకం పరువేమైతదయ్యా?" ఉత్తరం చదివి వినిపించాను. ఆయన గొంతు తగ్గింది. "నా ఇంట్ల ముగ్గురు గూడ గట్లనే అనుకున్నరేమో" అన్నారు. మేరీ ఆ పేజీ కడుతూ, "ఈసారి బొమ్మ నేనే చిన్నది చేశానండి, అడక్కుండా" అంది.

రజిత ఫంక్షన్‌కు వెళ్లాను. మా హేతువాద సంఘం మిత్రులు ఇద్దరు నాతో కొంతకాలం మాట్లాడలేదు. పిల్ల ఒంటిలో జరిగినదాన్ని ఊరంతటికీ చాటుతూ కట్టే ఆ ఫ్లెక్సీ నాకు అప్పుడూ అసహ్యమే, ఇప్పుడూ అసహ్యమే, ఆ మాట రాములమ్మ ముఖం మీదే అన్నాను. "నువ్వు తిన్నంక తిట్టు సారూ" అంది. తిని తిట్టాను. ఇంట్లోకి వెళ్లకుండా ఇంటి మీద రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేనూ వాళ్లలో ఒకణ్నే. మీరు కాకండి.

స్వరూప ఆరో తూమును మార్చి రాసింది. పదిహేనేళ్ల ముత్యాలి చేయి ఒక్కటే సరిపోని తూము అది. కోట ముసలమ్మ వచ్చి పక్కన నిలబడుతుంది. తన చేతిలో శక్తి ఎప్పుడో పోయిందని నమ్మిన మనిషి, అరవై ఏళ్ల తర్వాత అరచేయి తలుపు మీద పెడుతుంది. నీళ్లు కదులుతాయి. ఏడో తూము తెరిచాక ముత్యాలికి పెళ్లి కాలేదు, కిరీటం పెట్టలేదు. ఏ ఊరికి ఎన్ని నీళ్లో చెప్పే పని ఆమెకు అప్పగించారు, ఊళ్లు ఆమెతో గొడవ పడ్డాయి, ఆమె గొడవ పడింది. పెద్దదైన ఆడమనిషి బతుకు అంటే అదే కదా. మాయల కథల్లో అది నేను మొదటిసారి చదివాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను ఇచ్చే సలహా ఒక్కటే. కథలో అబద్ధాన్ని ఎంత బలంగా కావాలంటే అంత బలంగా పలికించండి. దాని జవాబు మాత్రం అదే సంచికలో ఉండాలి. స్థలం లేకపోతే బొమ్మ కోయండి, ప్రకటన కోయండి, మీ సంపాదకీయం కోయండి. పిల్లలకు నెల అంటే ఎంతో మనకు గుర్తుండదు.

"ఇంకా ఉంది" అని రాసే ముందు నేను బల్ల సొరుగులోంచి ఒక కార్డు తీసి చదివేవాణ్ని. రిటైరైనా నా దగ్గరే ఉంచుకున్నాను. సెలక్షన్ తర్వాత వారానికి వచ్చింది. లెక్కల నోటుబుక్కు కాగితం మీది రాతే.

"సంపాదకులు గారికి. నేను నాలుగో స్థానం వచ్చాను. ముగ్గురినే తీసుకున్నారు. ఆఖరి మలుపు దగ్గర తొందరపడ్డాను, అందుకే పోయింది. కాళ్లు బాగానే ఉన్నాయి. మా నాయనమ్మ పీఈటీ సార్‌తో కొట్లాడింది, నలుగురిని తీసుకోమని. వచ్చే ఏడు మళ్లీ పోతాను. ఈ సంగతి ముత్యాలిని రాసిన అక్కకు చెప్పండి. లైన్లు కోయకుండా మొత్తం చెప్పండి."